9 రేటింగ్ స్కూలా, 6 రేటింగ్ స్కూలా? అమెరికాలో మిడిల్ స్కూల్ ఎంచుకునే తెలుగు తల్లిదండ్రులకి

ఫిబ్రవరి, మార్చి వచ్చిందంటే డాలస్ చుట్టుపక్కల తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే ప్రశ్న, ఇక్కడ ఇంటి అడ్రస్‌ని బట్టే పబ్లిక్ స్కూలు వస్తుంది కాబట్టి. "లీజు అయిపోతోంది, బాబు ఆగస్టులో ఆరో తరగతికి వస్తాడు, ఈ స్కూలుకి 9 ఉంది, ఆ స్కూలుకి 6 ఉంది, అద్దె నెలకి ఆరేడు వందల డాలర్లు తేడా, ఏం చేయమంటారు?" పది నిమిషాల్లో పదిమంది "9కే వెళ్ళండి, పిల్లల చదువు దగ్గర లెక్కలు చూసుకోకూడదు" అని రాసేస్తారు. నేనూ ఒకప్పుడు అలాగే రాసేవాణ్ణి. మా పాప విషయంలో అలాగే చేశాను కూడా.

మేం ఇల్లు మారింది అక్టోబర్‌లో. అప్పటికి ఆ 9 రేటింగ్ స్కూల్లో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్ సెక్షన్లు నిండిపోయాయి, పాపని మామూలు సెక్షన్‌లో వేశారు. "నాన్నా, ఈ ఫ్రాక్షన్లు నేను పోయినేడాదే చేసేశాను" అని ప్రతి వారం చెప్పేది, నేను సర్దుకోమనేవాణ్ణి. మా పెదనాన్న గారి అబ్బాయి కొడుకు 6 రేటింగ్ స్కూల్లో చదివి ఎనిమిదో తరగతిలోనే ఆల్జీబ్రా పూర్తి చేశాడు, మా పాపకి అది తొమ్మిదిలో గానీ రాలేదు. ఆ 9 అబద్ధమని నేననను. అది దేన్ని కొలుస్తుందో నాకు తెలియదు, తెలుసుకోకుండానే దాని కోసం ఇల్లు మారాను.

ఇక్కడ చెప్పేదంతా టెక్సాస్‌ని దృష్టిలో పెట్టుకుని, ఎందుకంటే నాకు తెలిసింది అదే. మిగతా రాష్ట్రాల్లో పరీక్షల పేర్లు మారతాయి. కాలిఫోర్నియాలో క్యాస్ప్, న్యూజెర్సీలో ఎన్‌జేఎస్ఎల్ఏ. కానీ 2015లో వచ్చిన ఎస్సా అనే కేంద్ర చట్టం వల్ల ప్రతి రాష్ట్రమూ 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా ఇంగ్లిష్, మ్యాథ్స్ పరీక్షలు పెట్టి తీరాలి, ఫలితాల్ని జాతుల వారీగా, పేద పిల్లలకి విడిగా, ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లలకి విడిగా, స్పెషల్ ఎడ్యుకేషన్ పిల్లలకి విడిగా ప్రకటించాలి. ఈ "విడిగా" అన్న మాటే మనకి పనికొచ్చేది, కానీ దాన్ని తెరిచి చూసేవాళ్ళు తక్కువ.

ముందు ఏం చూడాలి

ఇళ్ళు వెతికే సైట్లలో స్కూలు పేరు పక్కన కనిపించే 1 నుంచి 10 అంకె ఎక్కువగా గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చేది. ప్రభుత్వం ఇచ్చేది కాదు. మొదట్లో ఆ అంకెలో పరీక్ష మార్కులదే పెత్తనం, 2017లోనూ 2020లోనూ లెక్క మార్చి పిల్లల పురోగతికి, అన్ని వర్గాల పిల్లలూ ఎలా చదువుతున్నారన్నదానికి బరువు పెంచారు. అయినా అంకె అంకే, మూడు నాలుగు విషయాలు కలిపి రుబ్బిన పచ్చడి. అందులో ఏ రుచి దేనిదో చెప్పలేం.

ప్రభుత్వం ఇచ్చే గ్రేడ్లు వేరు. టెక్సాస్‌లో టీఈఏ, అంటే టెక్సాస్ ఎడ్యుకేషన్ ఏజెన్సీ, ప్రతి స్కూలుకీ ‘ఏ’ నుంచి ‘ఎఫ్’ దాకా గ్రేడు ఇస్తుంది. ఒక్కో స్కూలుకి ఇలా ఇవ్వడం 2019లో మొదలైంది, కోవిడ్ వల్ల రెండేళ్ళు ఆగింది, తర్వాత కోర్టు కేసుల వల్ల 2023 గ్రేడ్లు 2025 ఏప్రిల్‌లో, 2024, 2025 గ్రేడ్లు రెండూ కలిపి 2025 ఆగస్టులో బయటికొచ్చాయి. కాబట్టి ఎవరైనా "ఆ స్కూలు ‘ఏ’ స్కూలు" అంటే ఏ సంవత్సరానిదో అడగండి. గ్రేడు కట్టే పద్ధతి కూడా తెలిసుండాలి. పిల్లలు ఎంత సాధించారు, పోయినేడాదితో పోలిస్తే ఎంత ఎదిగారు, ఈ రెండిట్లో ఏది మెరుగ్గా ఉంటే దానికి 70 శాతం, వర్గాల మధ్య తేడాలు ఎంత తగ్గించారన్నదానికి 30 శాతం. అంటే రెండు స్కూళ్ళకీ ‘బి’ వచ్చినా ఒకటి చదువుకున్న కుటుంబాల పిల్లల మార్కులతో, ఇంకోటి వెనకబడిన పిల్లల్ని పైకి లాగడంతో తెచ్చుకుని ఉండొచ్చు. ఈ రెండూ ఒకే రకం స్కూళ్ళు కావు.

ఇక స్టార్ పరీక్ష, టెక్సాస్ రాష్ట్రం ఏటా పెట్టేది. ఫలితాలు నాలుగు మెట్లుగా వస్తాయి: డిడ్ నాట్ మీట్, అప్రోచెస్, మీట్స్, మాస్టర్స్. ‘అప్రోచెస్’ వస్తే పాస్ అయినట్టే లెక్క, కానీ ఆ పిల్లవాడు పై తరగతిలో గట్టెక్కాలంటే ప్రత్యేక సాయం కావాలని దాని అర్థం. స్కూళ్ళు గొప్పగా చెప్పుకునే "92 శాతం పాస్" చాలాసార్లు ఈ మెట్టు నుంచి లెక్కపెట్టిందే. మన ఊళ్ళో పదో తరగతి ఫలితాల రోజు కట్టే ఫ్లెక్సీల్లాంటిది. మీరు చూడాల్సింది ‘మీట్స్’, ‘మాస్టర్స్’ వరసలు.

ఇక్కడే చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ఎనిమిదో తరగతిలో ఆల్జీబ్రా-1 తీసుకున్న పిల్లలు ఎనిమిదో తరగతి మ్యాథ్స్ స్టార్ రాయరు, ఆల్జీబ్రా ఎండ్ ఆఫ్ కోర్స్ పరీక్ష రాస్తారు. అంటే బాగా చదివే పిల్లలంతా ఆల్జీబ్రాకి వెళ్ళిపోయాక మిగిలినవాళ్ళ మార్కులే ఎనిమిదో తరగతి మ్యాథ్స్ వరసలో ఉంటాయి. అక్కడ శాతం తక్కువ కనిపించి "ఈ స్కూల్లో లెక్కలు బాగా చెప్పరు" అని వదిలేసిన వాళ్ళని నేనెరుగుదును. ఆ వరస కింద ఆల్జీబ్రా-1 వరస చూడండి, ఎంతమంది రాశారు, ఎంతమంది మాస్టర్స్ తెచ్చుకున్నారు అని.

ఈ శాతాలన్నీ దొరికేది టీఏపీఆర్ అనే నివేదికలో. ప్రతి స్కూలుకీ ఏటా వస్తుంది, టీఈఏ సైట్‌లో ఉచితం, మీ స్కూలు పేరు కొట్టి తెచ్చుకోవచ్చు. మొదటి భాగం నిండా నిలువు వరసలే. రాష్ట్రం, డిస్ట్రిక్ట్ (ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్ళని నడిపే సంస్థ), స్కూలు, ఆ తర్వాత ఆఫ్రికన్ అమెరికన్, హిస్పానిక్, వైట్, ఏషియన్, స్పెషల్ ఎడ్, ఎకనామికల్లీ డిజడ్వాంటేజ్డ్, ఇంగ్లిష్ నేర్చుకుంటున్నవాళ్ళు. మొదటిసారి తెరిచినప్పుడు కళ్ళు తిరుగుతాయి, నాకూ తిరిగాయి. ఒక వర్గంలో పిల్లలు మరీ తక్కువగా ఉంటే అంకె బదులు నక్షత్రం గుర్తు (*) ఉంటుంది, దాచారని అనుమానించక్కర్లేదు, ఏ పిల్లవాడి మార్కు ఎవరిదో బయటపడకుండా అలా చేస్తారు.

మొత్తం శాతం ఎలా మోసం చేస్తుంది

ఇది చెప్పడానికే ఈ వ్యాసం మొదలుపెట్టాను కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి. ఎకనామికల్లీ డిజడ్వాంటేజ్డ్ అంటే ముఖ్యంగా స్కూల్లో ఉచిత భోజనానికో, తగ్గింపు ధర భోజనానికో అర్హత ఉన్న పిల్లలు, అంటే కేంద్రం చెప్పే పేదరిక రేఖకి 185 శాతం లోపు ఆదాయం ఉన్న కుటుంబాల వాళ్ళు. కింద ఉన్నవి నేను లెక్క అర్థం కావడానికి వేసిన అంకెలు, ఏ స్కూలువీ కావు.

| | మొదటి స్కూలు | రెండో స్కూలు |
|---|---|---|
| పేద కుటుంబాల పిల్లలు | 10 శాతం | 55 శాతం |
| వాళ్ళలో ‘మీట్స్’ తెచ్చుకున్నవాళ్ళు | 50 శాతం | 56 శాతం |
| మిగతా పిల్లల్లో ‘మీట్స్’ తెచ్చుకున్నవాళ్ళు | 84 శాతం | 83 శాతం |
| స్కూలు మొత్తం మీద ‘మీట్స్’ | 81 శాతం | 68 శాతం |

సైట్లో మీకు కనిపించేది చివరి వరస. 81 ఎక్కడ, 68 ఎక్కడ అనిపిస్తుంది. పైన రెండు వరసలు చూస్తే, పేద కాని ఇళ్ళ పిల్లలకి రెండు స్కూళ్ళూ ఇంచుమించు ఒకటే, పేద పిల్లలకి రెండో స్కూలే మేలు. మొత్తంలో 13 శాతం తేడా వచ్చింది చెప్పే తీరు వల్ల కాదు, తరగతిలో ఎవరు కూర్చున్నారన్నదాని వల్ల.

స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో షాన్ రియర్డన్ అనే ప్రొఫెసర్ బృందం అమెరికా మొత్తంలో 3 నుంచి 8వ తరగతి పరీక్షల ఫలితాల్ని ఒకచోట చేర్చి చూసింది. సగటు మార్కులకీ తల్లిదండ్రుల ఆదాయానికీ చదువుకీ గట్టి ముడి ఉంది. పిల్లలు ఏడాదికేడాది ఎంత నేర్చుకుంటున్నారన్నదానికీ ఆ ఆదాయానికీ మాత్రం ముడి చాలా వదులు. చికాగో పబ్లిక్ స్కూళ్ళలో పేద పిల్లలు చాలా ఎక్కువ, సగటు మార్కులు తక్కువ, కానీ 2009-14 మధ్య అక్కడి పిల్లలు మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతికి వచ్చేసరికి ఐదేళ్ళలో ఆరేళ్ళ చదువు నేర్చుకున్నారని వాళ్ళ లెక్కల్లో తేలింది. ఆరు వందల డాలర్ల అద్దె తేడాకి దొరికేది మంచి బోధనో, పక్కింటివాళ్ళ జీతమో చూసుకోవడం మన పని.

‘మనవాళ్ళు ఎంతమంది?’

ఈ ప్రశ్న అందరూ అడుగుతారు, కొందరు పైకి, కొందరు లోపల. అడగడంలో తప్పు లేదు. కొత్త దేశంలో పిల్లకి దీపావళి అంటే ఏంటో తెలిసిన ఒక్క స్నేహితురాలుంటే ఎంత ధైర్యమో నాకు తెలుసు. కాకపోతే నివేదికలో ‘ఏషియన్’ అని ఒకటే గడి ఉంటుంది. తెలుగు, గుజరాతీ, చైనీస్, వియత్నామీస్, కొరియన్, అందరూ అందులోనే. 60 శాతం ఏషియన్ అని చూసి చేరాక మన భాష మాట్లాడే పిల్లలు తరగతిలో ఇద్దరే ఉండొచ్చు, 20 శాతమే ఉన్న చోట అపార్ట్‌మెంట్ కాంప్లెక్స్ మొత్తం తెలుగువాళ్ళే ఉండొచ్చు.

ఇంగ్లిష్ నేర్చుకుంటున్న పిల్లల శాతం, ఇక్కడ ఎమర్జెంట్ బైలింగ్వల్ అంటారు, ఎక్కువుందని భయపడేవాళ్ళు చాలామంది. అందులో మన పిల్లలే బోలెడుమంది. చేర్చుకునేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వే అని ఒక కాగితం ఇస్తారు, ఇంట్లో ఏ భాష మాట్లాడతారు, పిల్లవాడు ఎక్కువగా ఏది మాట్లాడతాడు అని. తెలుగు అని రాస్తే పిల్లవాడికి ఇంగ్లిష్ పరీక్ష పెడతారు. ఆ టెన్షన్‌తో ‘ఇంగ్లిష్’ అని రాసేసేవాళ్ళున్నారు, పక్కింటివాళ్ళు అలా రాయమని సలహా కూడా ఇస్తారు. నిజం రాయండి. ఇంగ్లిష్ బాగా వచ్చిన పిల్లవాడు ఆ పరీక్ష దాటేస్తాడు. రాకపోతే అదనపు సాయం దొరుకుతుంది, అది కూడా మీ అనుమతి లేకుండా మొదలుపెట్టరు. హైదరాబాద్ నుంచి నిన్న దిగిన పదకొండేళ్ళ పిల్లకి ఇక్కడి యాస అర్థం కావడానికే నాలుగు నెలలు పడుతుంది, ఆ నాలుగు నెలలు పక్కన ఒక టీచర్ ఉండటం ఎంత మంచిది!

ఇంకో మాట సూటిగా చెప్పాలి. హిస్పానిక్, నల్లజాతి పిల్లల శాతం చూసి, మార్కుల దాకా కూడా వెళ్ళకుండా పేజీ మూసేసేవాళ్ళు మనలో ఉన్నారు. "వాతావరణం బాగోదట" అంటారు. ఎవరు చెప్పారు, ఎప్పుడు చూశారు అంటే జవాబుండదు. నేను చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో, రైతు కూలీల పిల్లలూ, టీచర్ల పిల్లలూ, కిరాణా కొట్టు వాళ్ళ పిల్లలూ ఒకే బెంచీ మీద కూర్చున్నాం. అక్కడ నేను నేర్చుకున్నది తక్కువేం కాదు. మన మీద ఎవరైనా చర్మం రంగు చూసి ఇలాంటి నిర్ణయం తీసుకుంటే మనం ఊరుకోం కదా, మనమూ ఆ పని చేయకూడదు.

జనాభా లెక్కల్లో నన్నడిగితే జాతి శాతాల కంటే పనికొచ్చే అంకె మొబిలిటీ రేటు. ఏడాదిలో ఆరు వారాలు అంతకంటే ఎక్కువ ఆ స్కూల్లో లేని పిల్లలు ఎంతమంది, అంటే మధ్యలో వచ్చినవాళ్ళు, మధ్యలో పోయినవాళ్ళు. అది ఎక్కువుంటే టీచర్‌కి ప్రతి నెలా కొత్త ముఖాలు, స్నేహాలు నిలవవు. తర్వాత టీచర్ల అనుభవం, కొత్తగా చేరినవాళ్ళు ఎందరు, పదేళ్ళు దాటినవాళ్ళు ఎందరు. తర్వాత హాజరు. 180 రోజుల్లో 18 రోజులు, అంటే పదో వంతు మానేస్తే దాన్ని క్రానిక్ ఆబ్సెంటిజం అంటారు, అలాంటి పిల్లలు ఎక్కువున్న చోట చెప్పిన పాఠమే మళ్ళీ చెప్పాల్సొస్తుంది. మనం సంక్రాంతికి మూడు వారాలు, ఎవరిదో పెళ్ళికి ఇంకో వారం ఇండియా వెళ్ళొచ్చినా ఆ లెక్కలోకి మనమూ చేరతాం, అది గుర్తుంచుకోండి.

మూడు రకాల స్కూళ్ళు, ఒక్కోటీ ఎలా ఉంటుంది

*బాగా పేరున్న జోన్ స్కూలు.* 9, 10 రేటింగ్, ‘ఏ’ గ్రేడ్, పేద పిల్లలు పది శాతం లోపు, ఏషియన్ పిల్లలు సగానికి అటూ ఇటూ. ఇక్కడ నిజంగా బాగుండేవి: అడ్వాన్స్‌డ్ క్లాసులు ఎక్కువ, ఆల్జీబ్రా సెక్షన్లు మూడో నాలుగో ఉంటాయి, మ్యాథ్‌కౌంట్స్, సైన్స్ ఒలింపియాడ్, డిబేట్ అన్నీ నడుస్తాయి, పేరెంట్స్ అసోసియేషన్ దగ్గర డబ్బుంటుంది. ఇబ్బంది ఎక్కడంటే, పోటీ. అందరూ సాయంత్రం ఏదో ఒక కోచింగ్‌కి వెళ్తారు కాబట్టి వెళ్ళని పిల్లవాడు తనకేదో తక్కువ అనుకుంటాడు. ఆరో తరగతి పిల్లలు లంచ్ టేబుల్ దగ్గర "నీకు మ్యాప్ టెస్ట్‌లో ఎంత?" అని అడుగుతుంటే నేను విన్నాను. బాగా చదివే పిల్లవాడు నలభయ్యో స్థానంలో ఉండి టీచర్‌కి కనపడకపోవచ్చు. మార్కులు ముందే పైన ఉన్నాయి కాబట్టి స్కూలు ఎంత నేర్పుతోందో, ఇంట్లో ఎంత నేర్పుతున్నారో విడదీయడం కష్టం. అందుకే ఇలాంటి స్కూలుకి గ్రోత్ మార్కు, అంటే పిల్లలు పోయినేడాదితో పోలిస్తే ఎంత ఎదిగారన్నది, తప్పకుండా చూడండి, కొన్నిటికి ‘బి’నో ‘సి’నో ఉంటుంది.

*కలగలుపు స్కూలు.* 5 నుంచి 7 రేటింగ్, పేద పిల్లలు 40 నుంచి 60 శాతం, అన్ని జాతుల పిల్లలూ. ఇందులో రెండు రకాలున్నాయి, పేపర్ మీద ఒకేలా కనిపిస్తాయి. ఒకటి గ్రోత్ బాగున్న స్కూలు, అడ్వాన్స్‌డ్ క్లాసులు నిజంగా నడుస్తాయి, అందులో చదివే పిల్లల మార్కులు పక్క 9 స్కూలు పిల్లలకి తీసిపోవు. రెండోది గ్రోత్ కూడా లేనిది, టీచర్లు ఏటా మారేది. మొదటి దానికి కళ్ళు మూసుకుని వెళ్ళొచ్చు. రెండో దానికి రేటింగ్ 7 ఉన్నా వెళ్ళకండి. తేడా తెలుసుకోవడానికి ఒక్క అంకె చాలు: ఆల్జీబ్రా-1 రాసిన పిల్లల సంఖ్య మూడేళ్ళలో పెరుగుతోందా, తగ్గుతోందా. టెక్సాస్‌లో 2023లో వచ్చిన ఎస్‌బీ 2124 చట్టం ప్రకారం ఐదో తరగతి మ్యాథ్స్‌లో పై 40 శాతంలో ఉన్న పిల్లల్ని ఆరో తరగతిలో అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో దానంతటదే వేయాలి, వద్దనుకుంటే తల్లిదండ్రులే తీయించాలి. కాబట్టి "మా స్కూల్లో అది లేదు" అనే మాట ఇప్పుడు చెల్లదు. మీ పిల్లవాడు ఐదో తరగతి ఇండియాలో చదివి ఉంటే ఆ మార్కు ఉండదు కదా, అప్పుడు ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టమని మీరే అడగాలి. నేను అడగలేదు, అందుకే ముందు చెప్పిన కథ జరిగింది.

బయటి నుంచి చూసేవాళ్ళకి తెలియని మంచి ఒకటుంది ఇక్కడ. బ్యాండ్, ఆర్కెస్ట్రా, ఫుట్‌బాల్, నాటకాలు, వీటిలో చోటు దొరకడం సులువు. టెక్సాస్‌లో బ్యాండ్ ఆరో తరగతిలోనే మొదలవుతుంది, క్లారినెట్ పట్టుకోవడం కూడా రాని పిల్లవాడు డిసెంబర్ కచేరీకి స్టేజి ఎక్కుతాడు. మా అన్నయ్య కొడుక్కి స్నేహితులు దొరికింది మ్యాథ్స్ క్లాసులో కాదు, బ్యాండ్ హాల్లో.

*చార్టర్, మ్యాగ్నెట్ స్కూళ్ళు.* రెండూ పబ్లిక్ స్కూళ్ళే, ఫీజుండదు. చార్టర్‌ని సాధారణంగా డిస్ట్రిక్ట్ కాకుండా వేరే సంస్థ నడుపుతుంది, దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు. మ్యాగ్నెట్ అంటే డిస్ట్రిక్ట్ ఒక ప్రత్యేక విషయం కోసం నడిపేది, చాలా వాటికి మార్కులో పరీక్షో ఇంటర్వ్యూనో ఉంటుంది. డాలస్ ఐఎస్‌డీలో (ఐఎస్‌డీ అంటే స్కూల్ డిస్ట్రిక్టే) ఆరు నుంచి పన్నెండు దాకా ఆడపిల్లల కోసమే ఉన్న ఇర్మా రాంజెల్ స్కూలు లాంటివి దీనికి ఉదాహరణ. ఇక్కడ మార్కుల్ని చదివేటప్పుడు ఇంకో జాగ్రత్త. ఎంపిక చేసి తీసుకున్న పిల్లల మార్కులు బాగుండటంలో వింత లేదు. చార్టర్‌లో ఆరో తరగతిలో ఎంతమంది చేరారు, ఎనిమిదిలో ఎంతమంది మిగిలారు అని చూడండి, మధ్యలో చాలామంది వెళ్ళిపోతే ఎందుకో అడగండి. చాలా చార్టర్లకి బస్సు ఉండదు. పొద్దున 7:20కి, మధ్యాహ్నం 3:30కి కారులో తిప్పడానికి ఇంట్లో ఎవరున్నారో ముందే చూసుకోండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి వెళ్తే మూడో నెలకి ఇదే పెద్ద తలనొప్పి.

ఎవరికి ఏది

ఇండియా నుంచి ఈ ఏడాదే వస్తున్న పిల్లలకి నా ఓటు గ్రోత్ బాగున్న కలగలుపు స్కూలుకే. ఇంగ్లిష్ సాయం చేసే టీచర్లు అక్కడ అలవాటుపడి ఉంటారు, కొత్తగా వచ్చిన పిల్లని వింతగా చూడరు. మొదటి వారం పిల్లలు ఏడ్చేది చదువు గురించి కాదు, లాకర్ తాళం గురించి. కుడికి రెండు తిప్పి ఎడమకి ఒకటి తిప్పి మళ్ళీ కుడికి తిప్పాలి, పీరియడ్‌కీ పీరియడ్‌కీ మధ్య నాలుగైదు నిమిషాలే టైమ్. ఓ పదిహేను డాలర్లు పెట్టి అలాంటి తాళం కొని ఇంట్లో ప్రాక్టీస్ చేయించండి. ఒక చిన్న విషయానికి పిల్లకి ఎంత ధైర్యం వస్తుందో చూస్తారు.

ఇక్కడే పుట్టి మ్యాథ్స్ అంటే పిచ్చి ఉన్న పిల్లవాడైతే పేరున్న జోన్ స్కూలు బాగా పనికొస్తుంది, తోటివాళ్ళు దొరుకుతారు. అయితే చేరేది ఆగస్టులో అయి ఉండాలి, మధ్యలో కాదు. మార్కులు మామూలుగా ఉండి, పోలికలకి కుంగిపోయే స్వభావం ఉన్న పిల్లవాడికి అదే స్కూలు మూడేళ్ళ శిక్ష అవుతుంది. పిల్లవాడు ఎలాంటివాడో మీకంటే బాగా ఏ సైటుకీ తెలియదు.

స్పెషల్ ఎడ్యుకేషన్ అవసరం ఉన్న పిల్లలైతే పైన చెప్పిందంతా పక్కన పెట్టి టీఏపీఆర్‌లో ఆ ఒక్క నిలువు వరసా చూడండి. తర్వాత స్కూలుకి వెళ్ళి స్పెషల్ ఎడ్ టీచర్‌ని కలవండి, ఏఆర్‌డీ కమిటీ (పిల్లవాడికి ఏ సాయం కావాలో తల్లిదండ్రులతో కలిసి నిర్ణయించే బృందం) మీటింగ్ ఎలా నడుస్తుందో, ఐఈపీ (ఆ పిల్లవాడి కోసమే రాసే చదువు ప్రణాళిక) ఎవరు రాస్తారో అడగండి. 9 రేటింగ్ స్కూల్లో ఆ విభాగం బలహీనంగా ఉండటం, 5 స్కూల్లో అద్భుతంగా ఉండటం రెండూ చూశాను.

అద్దెకుండేవాళ్ళకి ఒక సౌకర్యం ఉంది, తప్పైతే ఏడాదిలో మారొచ్చు. కానీ మిడిల్ స్కూలు మూడేళ్ళే, అందులో ఒకసారి మారితేనే పిల్లలకి స్నేహాలు తెగిపోతాయి. కొనేవాళ్ళైతే డిస్ట్రిక్ట్ పరిస్థితి కూడా చూసుకోవాలి. పిల్లల సంఖ్య తగ్గి స్కూళ్ళు మూసేస్తున్నారు ఈమధ్య. ప్లేనోలో 2024-25 ముగిశాక నాలుగు స్కూళ్ళు మూశారు, అందులో రెండు మిడిల్ స్కూళ్ళు, ఆర్మ్‌స్ట్రాంగ్, కార్పెంటర్. ఫ్రిస్కోలో స్టేలీ మిడిల్ స్కూలు కూడా మూతపడింది. స్కూలు పేరు చూసి ఇల్లు కొన్నవాళ్ళు ఏమైపోవాలి? ఇరవయ్యేళ్ళ పాత కాలనీ అయితే బోర్డు మీటింగుల్లో సరిహద్దుల గురించి ఏం మాట్లాడుతున్నారో ఒకసారి చదవండి.

ఇంకొకటి, స్టార్ పరీక్షే మారిపోతోంది. 2025లో చేసిన చట్టం ప్రకారం 2027-28 నుంచి ఏడాది చివర ఒక పెద్ద పరీక్ష బదులు మూడు చిన్న పరీక్షలు వస్తాయి. అప్పటి అంకెల్ని ఇప్పటి అంకెలతో పోల్చడం కుదరదు, కాబట్టి ఆ ఏడాదిలోనో ఆ తర్వాతో మిడిల్ స్కూలుకి వచ్చే పిల్లల తల్లిదండ్రులు ఈ గ్రేడ్ల మీద మరీ ఆధారపడొద్దు.

లీజు మీద సంతకం పెట్టేముందు

స్కూలు వదిలే సమయానికి, నాలుగింటికి అటూ ఇటూ, ఒకసారి అక్కడికి వెళ్ళి కారులో కూర్చోండి. పిల్లలు బయటికి ఎలా వస్తున్నారు, టీచర్లు గేటు దగ్గర నిలబడి పేరు పెట్టి పిలుస్తున్నారా, వేరువేరు రంగుల పిల్లలు కలిసి నడుస్తున్నారా, ఎవరికి వాళ్ళు గుంపులుగా విడిపోయారా. ఇరవై నిమిషాల్లో నివేదిక చెప్పని సంగతులు చాలా తెలుస్తాయి.

తర్వాత కౌన్సెలర్‌కి మెయిల్ పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఏడాది మధ్యలో చేరితే అడ్వాన్స్‌డ్ మ్యాథ్స్‌లో చోటు ఉంటుందా? ప్లేస్‌మెంట్ టెస్ట్ ఎప్పుడు? ఈ మిడిల్ స్కూలు పిల్లలంతా ఒకే హైస్కూలుకి వెళ్తారా, విడిపోతారా? జవాబు రావడానికి ఎన్ని రోజులు పట్టిందో కూడా గుర్తుంచుకోండి.

ఆఖరున, అడ్రస్. ఇళ్ళ సైట్లో చూపించే స్కూలుని నమ్మి డబ్బు కట్టకండి. ఒక్క ఇర్వింగ్ ఊళ్ళోనే వీధిని బట్టి ఇర్వింగ్ ఐఎస్‌డీ, కొపెల్ ఐఎస్‌డీ, క్యారల్టన్-ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ మూడూ ఉన్నాయి, రోడ్డుకి ఇటు పక్క అపార్ట్‌మెంట్ ఒక డిస్ట్రిక్ట్‌లో, అటు పక్కది ఇంకో దాంట్లో. డిస్ట్రిక్ట్ సొంత వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూసే పేజీ ఉంటుంది, అందులో ఇంటి నంబరుతో సహా కొట్టండి, వచ్చే విద్యా సంవత్సరం ఎంచుకోండి, వచ్చిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. అనుమానముంటే డిస్ట్రిక్ట్ ఆఫీసుకి ఫోన్ చేయండి, రెండు నిమిషాల్లో చెప్పేస్తారు. అప్పుడు సంతకం పెట్టండి.